గాయకుడును వాద్యకుడును నగు శ్రీ సాలూరి రాజేశ్వరరావుగారు

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతముల గ్రామములలో హార్మోనీ పెట్టె నెఱుగని బాలుడు లేడు. భజనమందిరమునను, చిందు భాగవతుల యాటలోను, మన ప్రార్థనాలయములోను ఆ పెట్టెయే శ్రుతి, ఆ పెట్టెయే తోడు. అయితే దానిచుట్టు చేరువారు సామాన్యముగా రెండు తెగలుగా నుందురు. పాడువారికి వాయించుట రాదు. వాయించువారు పాడుటకు జంకుదురు. ఒకే మనుష్యుడు తన గొంతుకను తన వ్రేళ్లతో నడుపుకొనుట వేఱొక విద్య. ఆ విద్యను గూర్చియు, తెలుగుదేశమున దానికి గొప్ప యుదాహరణముగా నిలిచిన యొక సంగీతకారుని గూర్చియు ఈ సంవత్సరము మా చదువరులకు కొంత చెప్పదలచితిమి.

ముందుగా దూరదేశపు ముచ్చట యొకటి. దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశమున, సావో పౌలో నగరమున 1960లో జన్మించిన ఎలియాని ఎలియాస్ అను విదుషి యున్నారు. ఆమె యేడవయేట పియానో ముందు కూర్చుండిరి. పండ్రెండేండ్లు వచ్చుసరికి జాజ్ అను సంగీతమునందలి పెద్దల వాదనమును చెవితో విని, స్వరము స్వరముగా కాగితముపై వ్రాసికొనజొచ్చిరి. జాజ్ అనగా అమెరికా సంయుక్త రాష్ట్రములలో నల్లజాతివారి నడుమ పుట్టిన సంగీతము. అప్పటికప్పుడు మనస్సులో మెదలిన స్వరములను పెంచి వాయించుట దానికి ప్రాణము. మన మనోధర్మమునకు అది దాయాది యని చెప్పవచ్చును. ఎలియాస్‌గారు 1981లో న్యూయార్కు నగరమునకు వెళ్లి పియానో వాద్యకురాలుగా పేరు తెచ్చుకొనిరి. 2016లో వారి ‘మేడ్ ఇన్ బ్రెజిల్’ అను సంపుటమునకు గ్రామీ బహుమానము వచ్చెను. ఇందు మేము గమనింపుమని కోరునది బహుమానము కాదు. ఆమెకు మొదట వచ్చినది వ్రేళ్ల కీర్తి. గొంతుక కీర్తి తరువాత వచ్చినది.

మన సాలూరి రాజేశ్వరరావుగారి కథ యిందుకు సరిగా తలక్రిందు. వారికి మొదట వచ్చినది గొంతుక.

రాజేశ్వరరావుగారు 1922 అక్టోబరు 11వ తేదీన సాలూరు దగ్గఱనున్న శివరామపురము అను గ్రామమున జన్మించిరి. అది ఆనాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు, ఫిడేలు వాదనమున దేశప్రసిద్ధులైన ద్వారము వెంకటస్వామినాయుడుగారికి ప్రక్కవాద్యము వాయించినవారు, పాటలు వ్రాయగలవారు. అట్టి యింట బిడ్డకు ఓనమాలకంటె ముందు తాళము వచ్చుటలో వింత లేదు. పసితనముననే హార్మోనియము, తబలా, మృదంగము వారి చేతికి వశమయ్యెను. పదునొకండు పండ్రెండేండ్ల ప్రాయమున హచ్చిన్సు గ్రామఫోను కంపెనీవారు ఆ బాలుని పాటలను పలకలమీద నెక్కించిరి. తల్లిదండ్రులారా, నేడు చేతిలోని ఫోనుతో ఎవరి పాటనైనను క్షణములో పట్టవచ్చును. ఆనాడు పాట నొక పలకపై నెక్కించుట యనగా తప్పు లేకుండ మూడు నిముషములలో ముగింపవలసిన పరీక్ష. పసివాడు తడబడిన మైనపు పలక పాడైపోయెడిది.

ఆ పలకలు విన్నవారు 1935లో ఆ బాలుని ‘శ్రీకృష్ణలీలలు’ అను చలనచిత్రమున కృష్ణునిగా నిలిపిరి. కంసుడు వేమూరి గగ్గయ్యగారు. గగ్గయ్యగారి కంఠము ఉఱుమువంటిదని ప్రసిద్ధి. దాని యెదుట ఈ చిన్నవాని పాట వెఱపు లేక నిలిచెను. మఱుసటి సంవత్సరము ‘శశిరేఖాపరిణయము’న అభిమన్యుని వేషము. ఆ దినములలో తెరమీద కనబడువారే పాడవలెను. చాటున నొకరు పాడి ముందొకరు పెదవులు కదపు పద్ధతి ఇంకను నెలకొనలేదు. కావున మంచి గొంతుక గలవానికి వేషము వెదకుకొనుచు వచ్చెడిది.

తరువాతి మజిలీ కలకత్తా. అక్కడ తీయబడిన యొక తెలుగు చిత్రముకొఱకు వెళ్లి, సుమారు ఒక సంవత్సరమచట నిలిచిరి. ఆ కాలపు కలకత్తాలో న్యూ థియేటర్సు సంస్థయందు రాయ్ చంద్ బోరల్, పంకజ్ మల్లిక్ గారలు సంగీతమును కూర్చుచుండిరి. కుందన్ లాల్ సైగల్ గారు పాడుచుండిరి. పియానోయు, ఫిడేళ్ల బృందమును, హిందూస్థానీ రాగమును ఒకే గదిలో పొత్తుగా నుండుట మన యువకుడు అక్కడ కన్నులార చూచెను. సైగల్ గారి పద్ధతిలోని మెత్తదనము, అనగా మైకు దగ్గఱ నిలిచి గట్టిగా నఱవక, చెవిలో చెప్పినట్లు పాడుట, వారికి జీవితాంతము విడువని యభ్యాసమయ్యెను. సితారు, సుర్‌బహారు, మాండొలిను, పియానో మొదలైన వాద్యములను క్రమముగా సాధించిరి. ఆ పిదప మదరాసునకు తిరిగివచ్చిరి. 1939లో ‘జయప్రద’ చిత్రమునకు సంగీతము కూర్చునాటికి వారికి పదునేడేండ్లు. మా పై తరగతి బాలుర వయస్సని మనవి.

1940లో గూడవల్లి రామబ్రహ్మముగారి ‘ఇల్లాలు’ చిత్రమున నటించి, పాడి, సంగీతమును సమకూర్చిరి. అదే కాలమున రావు బాలసరస్వతీదేవిగారితో కలసియు, ఒంటరిగను గ్రామఫోనుకొఱకు పాడిన చిన్న చిన్న పాటలు తెలుగువారికి ‘లలితసంగీతము’ అను నొక క్రొత్త తోటను చూపినవి. అవి కీర్తనలు కావు, నాటకపు పద్యములు కావు, పల్లెపదములును కావు. అన్నిటి వాసనయు కొంచెము కొంచెము గలవి. వాద్యములు పాటవెనుక నడచుట మాని, పాటతో మాటాడుట నేర్చినది అప్పుడే.

ఇక్కడ మేము కొంచెము నిలిచి, పెట్టెను గూర్చిన తగవును చెప్పవలెను. ఏలయన అది తెలియనిదే రాజేశ్వరరావుగారు చేసిన పని యెంత కష్టమైనదో తెలియదు.

హార్మోనియము మనదేశపు వస్తువు కాదు. పారిస్ నగరమున అలెగ్జాండరు డెబెయిన్ అను నతడు 1840 ప్రాంతమున దానిని రూపొందించెను. క్రైస్తవ ప్రచారకులును, దొరలును దానిని మనదేశమునకు తెచ్చిరి. అది కాలితో త్రొక్కుచు, కుర్చీపై కూర్చుండి వాయింపవలసిన బరువు పెట్టె. కలకత్తాలో ద్వారకానాథ ఘోషుగారు దానిని చేతితో తిత్తి కదపుచు, చాపపై కూర్చుండి వాయించుటకు వీలుగా మార్చిరి. అప్పటినుండి అది నాటకములకు, భజనలకు, ప్రార్థనలకు ఇంటి చుట్టమైనది. మన కీర్తనల పుస్తకము తెఱచి చూడుడు: ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను పుస్తకమున పాటలపైన రాగము పేరును, తాళము పేరును అచ్చువేయబడియుండును. రాగము మనది, పెట్టె పరదేశముది. రెండును ఏ తగవు లేక మన ప్రార్థనాలయమున పొందుగా నున్నవి.

కాని పెద్దలందఱును దీని కొప్పుకొనలేదు. రవీంద్రనాథ టాగూరుగారికి ఆ పెట్టె గిట్టలేదు. 1940 మార్చి మాసమున ఆలిండియా రేడియోవారు హార్మోనియమును తమ స్టేషనులనుండి బహిష్కరించిరి. ఆ నిషేధము మూడు దశాబ్దములవరకు నిలిచెను. వారి యాక్షేపణ వట్టి మంకుపట్టు కాదు. పియానోమీదను, హార్మోనియముమీదను స్థాయిని 12 మెట్లుగా కోసి పెట్టుదురు. ఒక మెట్టునుండి వేఱొక మెట్టునకు దుముకవచ్చునే గాని జాఱుటకు వీలులేదు. మన సంగీతమునకు ప్రాణము గమకము. గమకమనగా రెండు స్వరముల నడుమ దారి. వీణమీద తంత్రిని ప్రక్కకు లాగి ఆ దారి నడువవచ్చును. ఫిడేలుమీద వ్రేలిని జాఱ్చవచ్చును. మెట్లపెట్టె మీద ఆ దారియే లేదు. ఇండ్లున్నవి, వీథి లేదు.

అయినను ఈ మెట్లలోనే దాగియున్న యొక విశేషమును మా విద్యార్థులు తమ చేతులతో కనుగొనవలెనని మా కోరిక. మన పాఠశాల హార్మోనియము ముందు కూర్చుండుడు. నల్లమెట్లు రెండేసి, మూడేసిగా జట్లుకట్టి యుండును. మూడు నల్లమెట్లున్న జట్టులో ఎడమప్రక్క మొదటిదానిని షడ్జముగా నెంచుకొని, తెల్లమెట్టు నొక్కదానినైనను తాకక, వరుసగా నల్లమెట్లనే కుడివైపునకు వాయించుడు. స రి గ ప ద స యని పలుకును. అది మోహనరాగము, మన బతుకమ్మ పాటలు పాడు బాలికలకు దాని చాయ క్రొత్త కాదు. ఇప్పుడు అదే జట్టులోని మూడవ నల్లమెట్టును షడ్జమనుకొని, మరల నల్లమెట్లమీదనే నడువుడు. స గ మ ద ని స యని వినబడును. అది హిందోళము! మెట్లు మాఱలేదు, షడ్జమొక్కటి మాఱినది. వెలుగువంటి రాగము వెన్నెలవంటి రాగమైనది. దీనిని మన శాస్త్రమున గ్రహభేదమందురు. గమకము లేకున్నను రాగపు ఎముకలగూడు ఈ పెట్టెలో చక్కగా కనబడును. దానికి మాంసమును రక్తమును ఇచ్చుట పాడువాని పని.

రాజేశ్వరరావుగారు చేసినది ఈ పనియే యని మా యభిప్రాయము. వారు స్వయముగా పాడగలవారు, స్వయముగా వాయింపగలవారు. గొంతుక చేయగల పని యేదో, మెట్టు చేయగల పని యేదో వారికి లోపలినుండి తెలియును. కావున వారి పాటలలో పియానో ఎన్నడును గమకమును అనుకరింప బోదు. గొంతుక జాఱునపుడు పియానో ఊరకుండును, లేదా దూరముగా నొక స్వరమును దీపమువలె వెలిగించి యుంచును. గొంతుక ఊపిరి తీసికొనుచోట పియానో నాలుగు మెట్లు గలగలమని దిగి, మరల పాటను దాని యింటికి చేర్చును.

ఈ పొందిక యొక్క దినమున కుదిరినది కాదు. 1940కు పిదప కొన్ని సంవత్సరములు వారు మదరాసులో యస్. యస్. వాసన్ గారి జెమినీ స్టూడియోయందు సంగీతశాఖలో పనిచేసిరి. ‘జీవన్ముక్తి’, ‘బాలనాగమ్మ’ (1942) అప్పటివి. పరదేశపు వాద్యములతో కూడిన పెద్ద బృందమును నడుపుట యచట నలవడెను. 1948లో వచ్చిన ‘చంద్రలేఖ’ యందు పెద్ద పెద్ద ఢంకాలమీద నర్తకీమణులు ఆడు దృశ్యము జగత్ప్రసిద్ధము. ఆ చిత్రపు సంగీతమున కర్ణాటక, హిందూస్థానీ బాణీలతోపాటు దక్షిణ అమెరికా లయలును, ఐరోపావారి వాల్ట్జ్ నడకయు చేరినవి. వారితోపాటు యమ్. డి. పార్థసారథిగారు మొదలైనవారును ఆ చిత్రమున శ్రమపడిరి. లాటిన్ అమెరికా దేశముల లయలు జాజ్ తో కలిసి న్యూయార్కులో ఆడుచున్న కాలముననే, ఆ గాలి మదరాసు సముద్రతీరమునకును తగిలినదన్నమాట.

జెమినీ వదలిన పిదప వచ్చినది ‘మల్లీశ్వరి’ (1951). బి. యన్. రెడ్డిగారి చిత్రము, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పాటలు, ఘంటసాల, భానుమతిగారల కంఠములు. కథ శ్రీకృష్ణదేవరాయలనాటిది గనుక ఇందు సంగీతము తన పరదేశపు కోటును విప్పి, పంచె కట్టుకొన్నది. చంద్రలేఖ చేసిన చేయియే మల్లీశ్వరి చేసెనన్న నమ్ముట కష్టము. వాద్యమేళనమున అద్దేపల్లి రామారావుగారి సాయమును తలంపక పోరాదు. ఈ చిత్రము చీనాదేశమునను ప్రదర్శింపబడెను. మేము ఎన్ని మారులు విన్నను, ఇందలి పాటలలో ఒక్క స్వరమైనను ఎక్కువయని గాని తక్కువయని గాని చెప్పజాలకున్నాము.

‘మిస్సమ్మ’ (1955) మా పాఠశాలవారికి ప్రత్యేకముగా ప్రియమైనది. దాని నాయిక మేరీ యను క్రైస్తవ యువతి, ఉపాధ్యాయురాలు. ఆమె మేరీమాతను వేడుకొను ప్రార్థన యొకటి పి. లీలగారి కంఠమున వినబడును. అందు ఐరోపా ప్రార్థనాలయపు గాంభీర్యమును, తెలుగు కీర్తనలోని ఆర్ద్రతయు విడదీయరాకుండ నున్నవి. అదే చిత్రమున బృందావనమును గూర్చిన యుల్లాసపు పాట యున్నది. 1957లో ఆ కథను హిందీలో ‘మిస్ మేరీ’గా తీసినపుడు సంగీతము హేమంత్ కుమార్ గారిదైనను, ఆ బృందావనపు పాటకు మాత్రము రాజేశ్వరరావుగారి బాణీనే యుంచుకొనిరి. తెలుగు బాణీ హిందీకి అప్పిచ్చినది.

అప్పు పుచ్చుకొన్న సందర్భములును గలవు. వానిని దాచుట మాకు సమ్మతము కాదు. ‘ఆరాధన’ (1962) చిత్రమున శ్రీశ్రీగారు వ్రాయగా ఘంటసాలగారు పాడిన యొక ప్రసిద్ధమైన ప్రేమగీతమున్నది. తెలుగులో పియానో పాట యనగానే పెద్దలు ముందుగా తలచుకొనునది అదే. ఆ బాణీ ‘సాగరిక’ (1956) అను బెంగాలీ చిత్రములోని పాట ననుసరించినది. ఆరాధన కథయు అచటినుండి వచ్చినదే. ఇట్టివి చూపి, “ఇదంతయు ఎరువు సొమ్మే కదా, దీనిని పాఠశాల పత్రికలో పొగడనేల?” యని యడుగు తల్లిదండ్రులు కొందఱున్నారు. వారి ప్రశ్న న్యాయమైనది. సినిమాపాటలలో చెవిని చెడగొట్టునవి కొల్లలుగా నున్నవనియు ఒప్పుకొందము. కాని రెండు పాటలను ప్రక్కప్రక్కన పెట్టి వినుడని మా ప్రార్థన. బెంగాలీ పాటలో లేని విరుపులు తెలుగు పాటలో వచ్చినవి. తెలుగు మాట అచ్చుతో ముగియును గనుక ప్రతి పాదము చివర గొంతుక నిలిచి సాగుటకు చోటు దొరకినది. ఆ చోటును రాజేశ్వరరావుగారు పియానోకు కొంత, ఘంటసాలగారికి కొంత పంచియిచ్చిరి. మృదంగమువారి యింట పుట్టి, ఇల్లు పదిలముగా నుంచుకొన్నవాడు కావున బయటి చుట్టము వచ్చినపుడు ఎచట కూర్చుండబెట్టవలెనో వారికి తెలిసినది. ఇల్లే లేనివాడు ఎరువు తెచ్చిన సరకు వీథిలోనే యుండిపోవును.

పైన చెప్పిన హిందోళమునకు ఉదాహరణ కావలెనన్నచో ‘పూజాఫలము’ (1964) వినవలెను. అందు సి. నారాయణరెడ్డిగారు వ్రాయగా యస్. జానకిగారు పాడిన వెన్నెలపాట యొకటి కలదు. ఆ కవి మన తెలంగాణమువారే, హనుమాజీపేట బిడ్డ. రాగము శుద్ధముగా మనది. చుట్టు నడచు వాద్యమేళము పాశ్చాత్యమార్గమున నడచును. అయినను రాగమునకు ఎక్కడను గాయము తగులదు. నల్లమెట్లమీద మేము నేర్పిన స గ మ ద ని లను మీ వ్రేళ్లకు తెచ్చుకొని, ఆ పాట పల్లవిని మెల్లగా వాయించి చూడుడు. ఎముకలగూడు మీకు దొరకును. తరువాత జానకిగారి కంఠమును వినుడు. మీ పెట్టెలో లేనిదేదో అప్పుడు తెలియును.

‘విప్రనారాయణ’, ‘చెంచులక్ష్మి’, ‘భార్యాభర్తలు’, ‘అమరశిల్పి జక్కన’, ‘డాక్టర్ చక్రవర్తి’ మొదలగు తక్కిన చిత్రములను వరుసగా పేర్కొనుట యీ వ్యాసమున కక్కఱలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు వారికి కళాప్రపూర్ణ బిరుదము నొసంగిరి. 1992లో రఘుపతి వెంకయ్య బహుమానము వచ్చెను. సోదరుడు హనుమంతరావుగారును, కుమారులలో కోటిగారు మొదలైనవారును ఆ వృత్తియందే పేరు గాంచిరి. రసజ్ఞులు ‘సాలూరు’ను ‘రసాలూరు’ అని మార్చి పిలుచుకొన్నారు. 1999 అక్టోబరు మాసమున వారు మదరాసులో పరమపదించిరి.

కాని యొక సంగతి మా మనస్సును కలచుచున్నది. పండ్రెండేండ్ల ప్రాయమున తన గొంతుకతో లోకమును మెప్పించినవాడు, ముప్పదియేండ్లు నిండునాటికి తాను పాడుట యించుమించుగా మానివేసెను. చాటున పాడు పద్ధతి వచ్చిన పిదప ప్రతి వేషమునకు తగిన కంఠమును వెదకి తెచ్చి, దానికి తన పాటను నేర్పుట వారి పనియయ్యెను. ఘంటసాల, ఎ. యమ్. రాజా, లీల, సుశీల, జానకి గారలు పాడిన పాటలలో ప్రతి వంపును ముందుగా హార్మోనియము ముందు కూర్చుండి పాడి చూపినవారు వారే. బ్రెజిలు విదుషి వ్రేళ్లతో బయలుదేరి గొంతుకను చేరెను. మనవారు గొంతుకతో బయలుదేరి, దానిని ఇతరుల కిచ్చి, వ్రేళ్లను మాత్రము తమకుంచుకొనిరి. ఇది త్యాగమా, వృత్తిధర్మమా, లేక తన గొంతుకకంటె తన పాట గొప్పదని యెఱిగిన వివేకమా యని మేము తమలో తాము వాదించుకొంటిమి. తగవు తీరలేదు.

వారి సొంత గొంతుకతో మిగిలినవి ఆ పాత పలకలు మాత్రమే. అవి నేడు ఫోనులలోను దొరకుచున్నవి. పలకపై ముల్లు గీచుచున్న బరబర మొదట చెవిని బాధించును. పల్లవి రెండవమారు వచ్చుసరికి అది మఱపునకు వచ్చును. బాలసరస్వతీదేవిగారు ఒక పాదము పాడి ఆగగానే, ఇరువది యేండ్లైనను నిండని యొక మెత్తని మగగొంతుక, గట్టిగా పాడు నాటకపు గాయకులు మెచ్చియుండరని మాకు తోచునంత నెమ్మదిగా, తరువాతి పాదమును అందుకొనును.